ఇసారిబి జట్టు మొదటి సంతకం

మలేషియా వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆ జంట భవనాలు చూశావా అని. చూశాను. వర్షంలో, కారు అద్దంలోంచి, కింద సగం. పై సగం మబ్బులో ఉండిపోయింది. నేను వెళ్ళింది వాటికోసం కాదు. ఉన్న వారం రోజుల్లో ఎక్కువసేపు గడిపింది ఒక ఫుట్‌బాల్ మైదానం గట్టు మీద. ఫుట్‌బాల్ గురించి నాకు ఆ రోజుకి తెలిసిందల్లా చేత్తో ముట్టుకోకూడదని మాత్రమే.

విజయనగరంలో ప్రభుత్వాసుపత్రిలో ముప్పై మూడేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా తమ్ముడు సూర్యం విశాఖలో బేరింగులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది ఒక జపాను కంపెనీతో పొత్తులో నడిచేది. తొంభైల్లో వాణ్ణి ఆ కంపెనీ సొంత ఊరికి మూడేళ్ళ శిక్షణకి పంపారు. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. వెళ్ళిన మొదటి వారం, హాస్టల్ క్యాంటీన్ వరసలో పళ్ళెం పట్టుకుని, "ఏటిరా బాబూ, ఇదీ సేపేనా" అని తనలో తనే గొణుక్కున్నాడట. వెనకనుంచి ఎవరో, "సేపే. తిను" అన్నారట. ఆ అన్నవాడు సింహాచలం. మలేషియాలో బంటింగ్ అనే ఊళ్ళో అదే కంపెనీ ఫ్యాక్టరీ నుంచి శిక్షణకి వచ్చిన కుర్రాడు. తాతల కాలంలో మన బొబ్బిలి వైపునుంచి రబ్బరు తోటల్లోకి వెళ్ళిన కూలీల మనవడు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఇద్దరూ ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు పిచ్చిలో పడ్డారు.

సూర్యం పోయిన ఏడాది కిడ్నీలు పాడై పోయాడు. పోయే పది రోజుల ముందు, డయాలసిస్ మంచం మీద, గోడవైపు తిరిగి నాతో ఒక మాట చెప్పాడు. "సింహాచలాన్ని జపాను నుంచి పంపించేసింది నా మూలానేనప్పా. వాడి పేరు చెప్పింది నేనే. నువ్వెళ్ళి వాడికి చెప్పు. ఫోన్లో వద్దు." మా వైపు అక్కని అప్ప అంటాం. వాడికి ఒంట్లో బాగా ఉన్న రోజుల్లో నన్ను ఏదీ అడిగి ఎరగడు. అందుకని వెళ్ళాను.

కౌలాలంపూర్

సంచీలో నాలుగు గుడ్డలు చుట్టి పెట్టిన ఆవకాయ జాడీ దారిలో కారింది. కస్టమ్స్ అమ్మాయి సంచీ తెరిచి, ఎర్రటి నూనెలో తడిసిన నా తెల్లచీర చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. అది పచ్చడి అని నమ్మించడానికి కొంచెం వేలితో తీసి నాకి చూపించవలసి వచ్చింది.

బయట సింహాచలం అట్టముక్క మీద ఇంగ్లీషు అక్షరాల్లో "అప్పా" అని రాసి పట్టుకున్నాడు. పక్కనున్న తమిళ టాక్సీ డ్రైవర్లు, అప్పా అంటే వాళ్ళ భాషలో నాన్న కదా, మీ నాన్నగారు ఏ విమానంలో వస్తున్నారని అడిగారట. ఈ ముసలమ్మని చూసి వాళ్ళంతా నవ్వారు. సింహాచలం నవ్వలేదు. యాభై ఆరేళ్ళ మనిషి, దళసరి కళ్ళజోడు, కుడి మోకాలు సరిగా వంగదు. నా మొహం కేసి చాలాసేపు చూసి, "సూర్యం ముక్కే" అన్నాడు. అంతే, కళ్ళు తుడుచుకున్నాడు.

ఫోన్లో పాతికేళ్ళుగా ఏడాదికోసారి విన్న గొంతే. ఉగాదినాడు వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. పది నిముషాల మాటల్లో తొమ్మిది నిముషాలు ఆ జట్టు గురించే. సూర్యం ఎప్పుడూ "ఊఁ, ఊఁ" అనడమే విన్నాను. ఎందుకలా ముక్తసరిగా మాట్లాడతావని అడిగితే, లైను బాగోలేదనేవాడు.

మర్నాడు పొద్దున్న టిఫిను రోడ్డు పక్క హోటల్లో. రోటి చనాయ్ అని పొరలు పొరలుగా పరోటా, దాంతో పలచటి పప్పు. టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి మూరెడు ఎత్తునుంచి పోస్తారు, మన దగ్గర పాలు చల్లార్చినట్టు. తియ్యదనానికి పళ్ళు జివ్వుమన్నాయి. ఇద్దరి టిఫినూ కలిపి పది రింగిట్లయింది, మన రెండొందల పైచిలుకు. విజయనగరంలో అయితే ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ ఇడ్లీలు వచ్చేవి. నేను డబ్బు తియ్యబోతే సింహాచలం నా చెయ్యి పట్టుకుని, "నువ్వు సూర్యం అప్పవి లా" అన్నాడు. వాళ్ళ తెలుగులో మాట చివర ఆ "లా" చేరిపోతుంది, మలాయ్ వాళ్ళనుంచి వచ్చింది.

దారిలో

సింహాచలం పుట్టిన ఊరు బటాంగ్ బెర్జుంటై. బంటింగ్ వెళ్ళే ముందు అక్కడున్న వాళ్ళ పెద్దత్తని చూపిస్తానన్నాడు. దారి పొడవునా తాటిచెట్టుకి పొట్టి తమ్ముడిలాంటి ఆయిల్ పామ్ చెట్లు, వరసలు వరసలుగా. ఆ దారిలో నేను అడక్కుండానే ఆ జట్టు కథ చెప్పాడు. ఇన్నేళ్ళు నేను "ఊఁ, ఊఁ" గానే విన్న కథ.

యుద్ధం అయిపోయిన కొత్తల్లో, జపానులో తిండికి కూడా కటకటగా ఉన్న రోజుల్లో, ఆ ఊరి బేరింగుల ఫ్యాక్టరీ కార్మికులు మధ్యాహ్నం విరామంలో ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో ఆడుకునేవారట. బంతికి బదులు గుడ్డపేలికల మూట. కొన్నాళ్ళకి కంపెనీ వాళ్ళకి బంతి కొనిచ్చింది, బనీన్లిచ్చింది, తన పేరే జట్టుకి పెట్టింది. పగలంతా మిషన్ల మీద పనిచేసి సాయంత్రం ఆడేవారు. అలా ఒక తరం గడిచిపోయింది. తర్వాత ఆ దేశంలో జీతానికి ఆడే పెద్ద పోటీలు మొదలయ్యాయి. వాటిలో చేరాలంటే జట్టుకి కంపెనీ పేరు ఉండకూడదని, ఊరివాళ్ళు మాది అనుకునే పేరు ఉండాలని షరతు. ఊరందరినీ పేర్లు పంపమన్నారు. సముద్రంలో చేపల వేటకెళ్ళే వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు కలిసి పంపిన పేరు నెగ్గింది: ఇసారిబి. రాత్రి వేటలో చేపలు దగ్గరికి రావడానికి పడవమీద వెలిగించే దీపాన్ని అలా అంటారట. ముదురు నీలం చొక్కా, ఛాతీ మీద నారింజరంగు చార. చీకటి సముద్రం మీద దీపం అన్నమాట.

"మేం ఎల్లిన ఏడే ఆ పేరు కొత్త," అన్నాడు సింహాచలం. "ముసలోళ్ళు ఇంకా పాత కంపెనీ పేరే పిలిసీవోరు. సూర్యం, నేను, మేం కొత్త పేరు పిలిసినాం. అందుకే అది మాదనిపించింది."

జట్టు గొప్పగా ఆడేది కాదట. ఎప్పుడూ కింద నుంచి నాలుగో చోటో అయిదో చోటో. అయినా ఆట ఉన్న రోజు ఊళ్ళో చేపల బజారు మూసేసేవారు. గెలిచినా ఓడినా ఆట అయ్యాక జనం సముద్రం వైపు తిరిగి ఒక్క నిముషం ఊరుకుని నిలబడేవారు, వేటలో పోయిన వాళ్ళకోసం. సూర్యం విజయనగరంలో ఏ సంబరం జరిగినా చివర్లో ఒక్క నిముషం పక్కకెళ్ళి నిలబడేవాడు. సిగరెట్టుకోసం అనుకునేదాన్ని.

మూడో ఏడు వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఒక చలికాలం పొద్దున్న పేపర్లో వచ్చింది, కంపెనీ జట్టుని వదిలేస్తోంది, పక్క నగరం జట్టులో కలిపేస్తున్నారు అని. ఆ పక్క నగరం వీళ్ళకి ఎప్పటినుంచో పోటీ. పేరుండదు, రంగుండదు, దీపం ఉండదు. ఆడేవాళ్ళకి కూడా పేపరు చూశాకే తెలిసింది. జనం రైల్వేస్టేషన్ ముందు చలిలో నిలబడి సంతకాలు సేకరించారు. సింహాచలం ఒక కాయితం కోటు లోపల పెట్టి హాస్టల్లోకి తెచ్చాడు. కంపెనీ హాస్టల్లో, కంపెనీకి వ్యతిరేకంగా. పద్దెనిమిది మంది పెట్టారు. అయిదు రోజుల్లో సింహాచలానికి శిక్షణ పూర్తయిందని చెప్పి విమానం ఎక్కించారు. ఇక్కడ ఫ్యాక్టరీ కూడా తిరిగి తీసుకోలేదు. పామ్ గెలలు మోసే లారీ తోలుకుని బతికాడు.

"పేరు ఆళ్ళ సొత్తు కాదప్పా. పేరు ఊరు పెట్టినాది. కంపెనీ కూడు పెట్టినాది, అంతే," అన్నాడు.

కంపెనీకి ఎవరు చెప్పి ఉంటారని అడిగాను. ఎందుకడిగానో, బహుశా ఆయనకి తెలిసిపోయే ఉంటుందన్న ఆశతో. ఆయన వెంటనే చెప్పాడు: హాది. అదే గదిలో వాళ్ళతోపాటు మూడోవాడుగా ఉండే ఇండోనేషియా కుర్రాడు. నెమ్మదైనవాడు, సంతకం పెట్టి కూడా మర్నాడు పొద్దున్న భయపడుతూ కనిపించాడట. తర్వాత హాది మూడుసార్లు బంటింగ్‌కి ఫోను చేశాడు. మూడుసార్లూ అతని గొంతు వినగానే సింహాచలం ఫోను పెట్టేశాడు.

ఆ క్షణంలోనే చెప్పవలసింది. నేను కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చున్నాను.

బటాంగ్ బెర్జుంటై

పైడమ్మ అత్తకి ఎనభై దాటాయి. ఇనప రేకుల ఇల్లు, వాకిట్లో ముగ్గు, గుమ్మానికి పసుపు. ఏ ఊరని అడిగింది. విజయనగరమంటే ఆమెకి తెలీలేదు. బొబ్బిలి అంటే మాత్రం, "మాయమ్మది ఆ పక్కే. నువ్వు సూసినావేటి?" అంది. ఆమె ఎప్పుడూ చూడలేదు. నేను బొబ్బిలిలో రెండేళ్ళు పనిచేశానంటే నా చెయ్యి తీసుకుని, అరచెయ్యి తిప్పి చూసింది, అక్కడి మట్టి ఏమైనా అంటుకుని ఉందేమో అన్నట్టు.

ఎండు నెత్తళ్ళతో చేపల పులుసు పెట్టింది. మా అమ్మ చేసిందే, అందులో ఒక నిమ్మగడ్డి కాడ తప్ప. ఆమె తెలుగు వింటుంటే మా నాయనమ్మ మాట్లాడినట్టుంది. నా మాటలే ఆమెకి అర్థం కాలేదు. "హాస్పిటల్లో డ్యూటీ" అంటే, "ఇంగ్లీసు దొరసానిలా మాటాడతన్నావు" అంది. ఆమె మనవరాలు లోపల్నుంచి అన్నీ అర్థమవుతున్నట్టు నవ్వుతోంది గాని, అడిగితే తమిళంలోనే జవాబు.

తోట గురించి అడిగాను. ఆమె పుట్టాక నాలుగుసార్లు చేతులు మారిందట. "దొర మారినాడు, బోర్డు మారినాది, సెట్టు కూడా మారినాది. మావు మాత్రం అలాగే ఉన్నాం. ఆకర్న మమ్మల్నీ ఎల్లగొట్టీసినారు," అంది, ఎవరిమీదా కోపం లేకుండా. సింహాచలం పళ్ళెంలోకి చూస్తూ తింటున్నాడు. ఆ జపాను ఊరి సంగతి ఆయనకి ఎందుకంత తగిలిందో ఆ పులుసు తింటూ నాకు అర్థమైంది.

బంటింగ్

బంటింగ్ మన చీపురుపల్లి కంటే పెద్దది, విజయనగరం కంటే చిన్నది. రెండంతస్తుల దుకాణాల వరసలు, ఎక్కడ చూసినా మోటారుసైకిళ్ళు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగినప్పుడు రోడ్డు నిండిపోతుంది. సింహాచలం ఇల్లు మూడో అంతస్తులో, రెండు గదులు. ఆయన భార్య సెల్వి బడిపిల్లల బస్సులో ఆయాగా పనిచేస్తుంది. ఆమె అమ్మమ్మ తెలుగావిడ, మిగతా అందరూ తమిళులు. తెలుగు వింటుంది, తమిళంలో బదులిస్తుంది. నేను నర్సింగ్ మద్రాసులో చదివాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది. మా ఆవకాయలో మిగిలినదాన్ని ఆమె చిన్న సీసాలోకి తీసి దేవుడి అలమర పక్కన పెట్టింది.

శనివారం పొద్దున్న మైదానం చూపించాడు. వాళ్ళు పడాంగ్ అంటారు. ఒకప్పటి తోట కూలీలకి వదిలిన ఆటస్థలం. తోట అమ్ముడైపోయి, ఇళ్ళు పడగొట్టేశాక కూడా ఈ నేల మాత్రం ఎలాగో మిగిలింది. జపాను నుంచి వచ్చిన ఏడే ఆయన ఇక్కడ చెల్లాచెదురైన తోట కుర్రాళ్ళని పోగేసి జట్టు కట్టాడు. ఇసారిబి అనే పేరు పెట్టాడు. అదే నీలం, అదే నారింజ చార. పాతికేళ్ళు నడిచింది. జపానులో కూడా జనం ఊరుకోలేదట, అదే పేరుతో సొంతంగా జట్టు పెట్టుకుని అన్నిటికంటే కింది పోటీలనుంచి మొదలెట్టారు. ఇప్పటికీ ఒక బడి మైదానంలో ఆడతారు. ఏడాదికోసారి ఇక్కడికి ఫొటో పంపుతారు.

ఈ నేలమీద ఇప్పుడు గోదాములు వస్తున్నాయి. మర్నాడు ఆదివారం జరిగేది చివరి ఆట. నన్ను ఆ సమయానికే రమ్మన్నది అందుకు.

మైదానం చివర రేకుల షెడ్డు. లోపల గోడనిండా ఫొటోలు. మధ్యలో సూర్యం, ఇరవై ఆరేళ్ళవాడు, మెడలో నారింజరంగు మఫ్లరు, నోరు తెరిచి అరుస్తున్నాడు. మా తమ్ముడు అంత నోరు తెరిచి అరవడం నేనెప్పుడూ చూడలేదు. దాని పక్కన అద్దాల చట్రంలో ఒక కాయితం నకలు. హాస్టల్లో సంతకాలు పెట్టిన కాయితం. స్టేషన్ దగ్గరి వాళ్ళకి ఇచ్చేముందు సింహాచలం తీయించి దాచుకున్నది. జపాను అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు, అన్నిటికంటే పైన, మొదటి గీత మీద, తెలుగు.

"ఎవులూ ముందు పెట్టనంటే సూర్యమే పెట్టినాడు," అన్నాడు సింహాచలం. "తెలుగులో పెడితే కంపెనీవోడు సదవలేడని నవ్వినాడు. అది సూసి మిగతా అందరూ పెట్టినారు. నాకు తెలుగు సదవడం రాదప్పా. ఇక్కడ మా కుర్రోళ్ళకీ రాదు. ప్రతి ఏడూ ఆట ముందు ఈ కాయితం సూపించి కథ సెప్తాను. రేపు నువ్వు సదవాల. ఆకరిసారి, ఆడి పేరు ఆడి అప్ప నోట ఇనాల."

అప్పటికే చదివేశాను. సూర్యం దస్తూరీయే, "స" కింద పెద్ద వంపుతో. కాని అది వాడి పేరు కాదు. పొట్నూరి సన్యాసి అని ఉంది. మా నాన్న పేరు. ఆ కాయితం రాసిన నాటికి మా నాన్న పోయి ఆరేళ్ళు.

శనివారం మధ్యాహ్నం

షెడ్డు బయట సిమెంటు గట్టు మీద కూర్చుని చెప్పాను. రోగి బంధువులకి చెడ్డ కబురు చెప్పేటప్పుడు మేము ముందు కూర్చోబెడతాం. ఆయన్నీ కూర్చోబెట్టాను. ముందు కాయితం సంగతి చెప్పాను.

"ఎవులి పేరు మరి?" అన్నాడు.

"మా నాన్నది. అప్పటికి లేరు."

ఆయనకి కొంచెంసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నవ్వబోయాడు కూడా, భయపడినాడా, పోన్లే, చిన్నోడు అన్నాడు. అక్కడితో ఆపెయ్యొచ్చు. చచ్చిపోయినవాడి సంగతి అక్కడితో ఆపేస్తే ఆయన ముసలితనం సుఖంగా గడిచిపోయేది. నేను మిగతాది చెప్పాను. ఫోర్మన్ ఒక్కొక్కర్నీ పిలిచి అడిగాడని, విశాఖలో పర్మనెంటు ఉద్యోగం పోతుందని బెదిరించాడని, సూర్యం ఆయన పేరు చెప్పాడని. పోయే ముందు నాతో ఇది చెప్పమన్నాడని.

 మైదానంలో ఎవరో గోలుపోస్టుకి రంగు వేస్తున్నారు. ఆయన నోట్లోంచి మొదట వచ్చిన మాట సూర్యం పేరు కాదు.

"హాది," అన్నాడు. "హాదిని ఏటి సేసినాను అప్పా నేను."

పాతికేళ్ళుగా ప్రతి ఏడూ ఆట ముందు, జట్టు కథలో భాగంగా, కుర్రాళ్ళందరికీ హాది పేరు చెప్పి ద్రోహి అన్నాడు. హాది అన్న మాట ఈ మైదానంలో తిట్టు అయిపోయింది. ఎవరైనా బంతి తప్పు వైపు తన్నితే హాది అని అరుస్తారట. అదంతా నాకు చెప్తూ ఆయన మోకాలు రెండు చేతులతో రుద్దుకున్నాడు. తర్వాత లేచి, నన్ను అక్కడే వదిలి, కుంటుకుంటూ మైదానం అవతలికి వెళ్ళిపోయాడు. నేను పిలవలేదు.

దారి అడుగుతూ నడిచి ఇల్లు చేరాను. దారిలో వాన పట్టుకుంది. ఒక చైనా ముసలాయన కొట్లోంచి గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టి, డబ్బు వద్దని చెయ్యి ఊపాడు. నా మొహం ఎలా ఉందో మరి. ఇంటికొచ్చాక సింహాచలం భోజనానికి కూర్చున్నాడు గాని సగంలో లేచిపోయాడు.  సెల్వి నా తడిచీర పిండి ఆరేసి, మిరియాల చారు ఇచ్చింది. నేను చేసింది మంచో చెడో ఆ చారు తాగుతూ ఆలోచించాను. వాడి బరువు వాడు నా మీద పెట్టి వెళ్ళాడు, నేను తెచ్చి ఇంకో మనిషి మీద పెట్టాను. అంతకంటే నాకేమీ తోచలేదు.

ఆదివారం

వంద మంది దాకా వచ్చారు. పాత జట్లలో ఆడినవాళ్ళు, ఇప్పుడు పొట్టలు పెరిగినవాళ్ళు, పిల్లల్ని భుజాన ఎత్తుకుని. కొబ్బరిపాలు పోసి వండిన మెత్తటి అన్నంలో వేయించిన నెత్తళ్ళు, కారం పెట్టి ఆకుల్లో పొట్లాలు కట్టి పంచుతున్నారు. సింహాచలం నావైపు చూడలేదు. నేను చదవనక్కర్లేదని సెల్విచేత చెప్పించాడు.

ఆటకి ముందు షెడ్డులోకి వెళ్ళి ఆ చట్రం తెచ్చాడు. కుర్రాళ్ళు అర్ధచంద్రంగా నిలబడ్డారు. తమిళంలో, మధ్య మధ్య మలాయ్‌లో చెప్పాడు. ఫ్యాక్టరీ, గుడ్డల మూట, చేపలవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, దీపం. వాళ్ళకి కంఠతా వచ్చిన కథ. కొందరు పెదాలు కూడా కదుపుతున్నారు. సంతకాల దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

ఇది సూర్యం పేరు కాదు, అన్నాడు. చనిపోయిన వాళ్ళ నాన్న పేరు. సూర్యానికి భయమేసింది. నాకూ వేసింది, అందుకే కాయితం కోటు లోపల దాచాను. ఇంకో మాట. ఇన్నేళ్ళు మీకు హాది గురించి చెప్పినది అబద్ధం. చెప్పినవాడు హాది కాదు. హాది సంతకం పెట్టాడు, నిలబడ్డాడు, నాకు మూడుసార్లు ఫోను చేశాడు. తప్పు చేసింది నేను. ఈ రోజునుంచి ఆ మాట ఎవరూ తిట్టుగా అనకండి.

మరి చెప్పిందెవరని వెనకనుంచి ఎవరో అడిగారు. తెలుసు, చెప్పను అన్నాడు. అది చెప్పేటప్పుడు కూడా నావైపు చూడలేదు. నేను గట్టు మీద తల వంచుకుని కూర్చున్నాను.

కొంచెం పెద్ద వయసు ఆటగాడొకడు వేళ్ళతో లెక్కపెట్టి, అయితే ఆ సంతకాలు పదిహేడే కదా, వాటి గుర్తుగా మన చొక్కాల మీద పద్దెనిమిది అని వేయించుకున్నామే అన్నాడు. సింహాచలం చట్రం అద్దం చొక్కా కొసతో తుడిచాడు.

"పద్దెనిమిదే," అన్నాడు. బంతి తెమ్మన్నాడు.

పక్క ఊరు క్లాంగ్ నుంచి వచ్చిన జట్టు చేతిలో నాలుగుకి ఒకటితో ఓడిపోయారు. ఆ ఒకటీ ఎవరో కంగారులో తన్నితే అవతలివాడి కాలికి తగిలి లోపలికి వెళ్ళింది. అయినా ఆకాశం దద్దరిల్లేలా అరిచారు. ఆట అయ్యాక అందరూ పడమర వైపు, సముద్రం ఉన్న దిక్కుకి తిరిగి నిలబడ్డారు. ఇక్కడనుంచి సముద్రం కనపడదు, పామ్ చెట్లే. నేనూ లేచి నిలబడ్డాను. ఆ నిముషం అయ్యాక నలుగురు కలిసి గోలుపోస్టులు పెకలించారు. గుంతల్లో నీళ్ళు ఊరాయి.

సాయంత్రం ఇంట్లో ఆయన పాత డైరీలన్నీ కింద పరిచి హాది నంబరు వెతికాడు. ఒకటి దొరికింది. చేస్తే ఆ నంబరు ఇప్పుడు లేదని ఒక ఆడగొంతు మలాయ్‌లోనో ఇండోనేషియా భాషలోనో చెప్పింది. మళ్ళీ చేశాడు. మూడోసారి సెల్వి ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది.

క్లాంగ్ బస్సు

ముందు అనుకున్న ప్రకారం మంగళవారం ఆయనే నన్ను విమానం దగ్గర దింపాలి. నేను మాత్రం సోమవారమే క్లాంగ్ వెళ్ళి అక్కడ ఒక రోజు చూసి వెళ్తానన్నాను. ఆ ఇంట్లో నా మొహం ఇంకో రోజు ఆయనకి చూపించాలని అనిపించలేదు. సరే అన్నాడు. వద్దన్నా బస్టాండుకి వచ్చాడు. సెల్వి దారికి చింతపండు పులిహోర కట్టిచ్చింది.

బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. ఒకే బెంచీ మీద, మధ్యలో నా సంచీ పెట్టుకుని కూర్చున్నాం. శనివారం నుంచి ఆయన నాతో అన్నది పది మాటలు ఉండవు. ఎదురుగా కొట్లో ఎవరో అరటికాయ బజ్జీలు వేయిస్తున్నారు. మా దగ్గరి వాసనే. ఏదైనా మాట్లాడాలని అది చెప్పాను. ఆయన వినలేదు.

"అప్పా," అన్నాడు. "ఆకర్న సూర్యం నొప్పి పడినాడా?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న నన్ను ఎందరడిగారో. వరండాల్లో, లిఫ్టు దగ్గర, మార్చురీ తలుపు ముందు. అందరికీ ఒకటే జవాబు చెప్పాను. లేదమ్మా, నిద్రలోనే వెళ్ళిపోయారు. ఏ పుస్తకంలోనూ ఉండదు ఆ జవాబు, పని చేస్తూ నేర్చుకుంటాం. అది నా నాలిక చివర ఉంది కూడా.

"పడ్డాడు," అన్నాను. "నాలుగు రోజులు. చాలా పడ్డాడు."

ఆయన తలూపాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. బస్సు వచ్చింది. నా సంచీ పైకి అందించాడు. నేను ఎక్కి వెనక్కి తిరిగేసరికి, మెట్టు పక్క కడ్డీ రెండు చేతులతో పట్టుకుని, దాని మీద నుదురు ఆన్చి ఏడుస్తున్నాడు. శనివారం ఏడవలేదు, ఆదివారం ఏడవలేదు. సూర్యం పోయాడని నేను ఫోను చేసిన రోజున కూడా ఏడ్చినట్టు లేదు.

బస్సులో జనం ఉన్నారు. డ్రైవరు మలాయ్ ఆయన, గడ్డం నెరిసినవాడు. హారను కొట్టలేదు, ఏమిటని అడగలేదు. ఇంజను ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.